ఎలక్ట్రిక్ ట్రక్కు పొట్ట కింద రేకు వేయించాలా?

పోయిన నెల మా మిత్రుడొకడు ఫోన్ చేశాడు. "బావా, బండి కింద మొత్తం ప్లేటు కొట్టించేస్తున్నా. ముందు నుంచి వెనక దాకా పావు అంగుళం అల్యూమినియం. ఇక మోయాబ్‌లో ఏ రాయి వచ్చినా భయం లేదు" అన్నాడు. వాడిది రివియన్ ఆర్1టి అనే ఎలక్ట్రిక్ ట్రక్కు, నాదీ అదే. ఇద్దరం డెన్వర్ పక్కనే ఉంటాం. సెలవు దొరికితే కొలరాడో కొండల్లోనో, కాస్త ఎక్కువ సెలవైతే పొరుగున ఉన్న యూటాలో, రాతిదారులకు పేరుపడ్డ ఆ మోయాబ్ వైపో తిరుగుతుంటాం. నేను వద్దన్నాను. ఎందుకు వద్దంటున్నానో ఫోన్‌లో సరిగా చెప్పలేకపోయాను. "నీకు ప్రతిదీ అనుమానమే" అని పెట్టేశాడు.

నా అనుమానం ప్లేటు మీద కాదు. పొట్ట మొత్తం కప్పేశాక అక్కడ ఏం జరుగుతోందో మనకు కనపడదు. పెట్రోలు బండికి అది చిన్న సమస్య. ఎలక్ట్రిక్ ట్రక్కుకు అదే అసలు సమస్య అని నేననుకుంటున్నాను. వాడు ఒప్పుకోడు. వాడి వాదనలో బలం లేకపోలేదు, అందుకే ఇంత పొడుగు పోస్టు.

ఆర్1టి పెద్ద బ్యాటరీ ప్యాక్‌లో 7,776 సెల్స్ ఉంటాయి. అన్నీ రెండు యాక్సిళ్ల మధ్య, సీట్ల కింద, రెండు పక్కలా ఉండే ఫ్రేము దూలాల నడుమ పరిచి ఉంటాయి. బండి బరువు 7 వేల పౌండ్లకు పైనే, అంటే 3,200 కిలోల చిల్లర. వీల్‌బేస్ దాదాపు 136 అంగుళాలు. నాలుగు తలుపుల జీప్ రాంగ్లర్‌కు 118, రెండు తలుపులదానికి 97. చక్రాల మధ్య దూరం పెరిగేకొద్దీ గట్టు ఎక్కి దిగేటప్పుడు నడుము నేలకు దగ్గరవుతుంది. మన బండికి ఆ నడుములోనే అత్యంత ఖరీదైన భాగం ఉంది. కాబట్టి భయపడటంలో తప్పేమీ లేదు. భయపడి ఏం చేస్తామన్నదే ప్రశ్న.

ఛాంబర్ ఉన్న బండి, లేని బండి

రెండేళ్ల కిందట నాన్న ఇక్కడికొచ్చినప్పుడు మెడానో పాస్ దారిలో తీసుకెళ్లాను. గ్రేట్ శాండ్ డ్యూన్స్ పక్క నుంచి వెళ్లే ఆ దారిలో ఇసుక, వాగులు, మధ్యమధ్య రాళ్లు. ఒకచోట కింద కర్‌ర్‌మని గీసుకుంది. నాన్న వెంటనే "ఒరే, ఛాంబర్ తగిలింది, ఆపు" అన్నారు. ఛాంబర్ అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి. ఛాంబర్ లేదు నాన్నా, ఇంజినే లేదు అన్నాను. ఆయన వినలేదు. దిగి, ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని, ఒక చేయి నేలకు ఆనించి కిందకు తొంగి చూశారు. "ఏమీ కారట్లేదు" అన్నారు. ఆయన ఇరిగేషన్ డిపార్టుమెంటు జీపుల్లో తిరిగిన మనిషి. కాలవ గట్ల మీద జీపుకు దెబ్బ తగిలితే డ్రైవరు ముందు చేసే పని అదేనట: కింద ఆయిల్ కారుతోందా చూడటం.

ఆ తర్వాత నాకు పట్టుకున్న ఆలోచన ఇది. ఛాంబర్ పగిలితే నేల మీద నల్లటి మరక పడుతుంది. గేర్‌బాక్సు పగిలితే వాసన వస్తుంది. రేడియేటర్ పోతే పొగ. పాత బండి తన దెబ్బను తనే బయటపెడుతుంది. బ్యాటరీ ప్యాక్‌కు తగిలిన దెబ్బ అలా బయటపడకపోవచ్చు. అడుగు రేకు కొద్దిగా లోపలికి వంగి సెల్స్ వైపు ఖాళీ తగ్గవచ్చు. సీలు కొద్దిగా తెరుచుకుని, ఆరు నెలల తర్వాత ఏదో వాగు దాటినప్పుడు తడి లోపలికి పోవచ్చు. ప్యాక్‌ను చల్లబరచడానికి లోపల తిరిగే కూలెంటు చిన్న చీలిక నుంచి లోపలే కారవచ్చు. వీటిలో ఏదీ ఆ రోజు డాష్‌బోర్డు మీద దీపం వెలిగించాలని లేదు. అలాంటి దెబ్బలు తిన్న బండిని ఇళ్లకు, ఇతర వాహనాలకు కనీసం 50 అడుగుల దూరంలో నిలపమని ఈ దేశంలో అగ్నిమాపక సిబ్బందికీ టో ట్రక్కుల వాళ్లకూ చెబుతారు. దెబ్బ తగిలిన గంటకో, రోజుకో, ఇంకా ఆలస్యంగానో మంట పుట్టవచ్చు గనుక.

ఒక మంచి సంగతి కూడా చెప్పుకోవాలి. పెట్రోలు ట్రక్కు కింద ఎగ్జాస్ట్ గొట్టాలు, ట్రాన్స్‌ఫర్ కేసు, డ్రైవ్ షాఫ్టు, ఇంధన ట్యాంకు ఇలా రాయికి తగులుకునేవి ఎన్నో వేలాడుతుంటాయి. వేడి ఎగ్జాస్ట్‌కు ఎండుగడ్డి తగిలి అంటుకున్న బండ్లు ఉన్నాయి. ఎలక్ట్రిక్ ట్రక్కు అడుగు దాదాపు చదును. రాయి తగులుకునే చోట్లు తక్కువ, జారిపోయే అవకాశం ఎక్కువ. పైగా గాలితో బండిని లేపే ఎయిర్ సస్పెన్షన్ పూర్తిగా ఎత్తితే ఆర్1టికి నేలకూ పొట్టకూ మధ్య దాదాపు 15 అంగుళాల క్లియరెన్సు వస్తుంది. జనరల్ మోటార్స్ వాళ్ల ఎలక్ట్రిక్ ట్రక్కు హమ్మర్ ఈవీకి, బండిని పూర్తిగా ఎత్తే ఎక్స్‌ట్రాక్ట్ మోడ్‌లో దాదాపు 16. అదే ఫోర్డ్ ఎఫ్-150 లైట్నింగ్‌కు 8.4 అంగుళాలే, దాన్ని రాళ్లలోకి తీసుకెళ్లేవాడిని ఎవరైనా ఆపాలి. కాబట్టి "పొట్ట నగ్నంగా ఉంది" అన్నట్టు మాట్లాడటం సరికాదు. కంపెనీవాళ్లు ఏదో ఒక షీల్డు ఇచ్చే పంపుతున్నారు. మొదటి సంవత్సరాల్లో రివియన్ 2,000 డాలర్ల ఆఫ్-రోడ్ ప్యాకేజీలో ఇంకా గట్టి షీల్డు, ముందు టో హుక్కులు, ఎయిర్ కంప్రెసర్ కలిపి అమ్మింది. మా వాడి బండికి అది ఉంది. దాని కింద మళ్లీ ఇంకో పొర వేయిస్తానంటున్నాడు.

టెస్లా సంగతి

వాడి దగ్గరున్న పెద్ద ఆయుధం 2013. ఆ అక్టోబరులో వాషింగ్టన్ రాష్ట్రం కెంట్ దగ్గర హైవే మీద ఒక టెస్లా మోడల్ ఎస్ కారు కింద ట్రక్కు నుంచి ఊడిపడ్డ ఇనుప ముక్క దూరింది. పావు అంగుళం మందమున్న అడుగు రేకును పొడిచి 3 అంగుళాల రంధ్రం చేసింది. మోపిన బలం 25 టన్నుల స్థాయిలో ఉందని మస్క్ రాశాడు. బండి తగలబడింది, మనిషి క్షేమంగా దిగాడు. నెల కాస్త దాటగానే టెనెసీలో ట్రైలర్ హుక్కు తగిలి ఇంకోటి. 2014 మార్చిలో టెస్లా టైటానియం షీల్డు తెచ్చింది. "చూశావా, కంపెనీయే రేకు వేసుకుంది. నాకెందుకు వద్దు?" అంటాడు మా వాడు.

నేనా షీల్డు ఎలా ఉందో చదివాను. అందులో మూడు భాగాలు. మొదటిది ముందు వైపు గుండ్రటి బోలు అల్యూమినియం బారు. దారిలో పడున్న వస్తువును ప్యాక్ దాకా రాకుండా పక్కకు తోసేయడమో, ఇంకా ముందే పైకి లేపేయడమో దాని పని. రెండోది టైటానియం ప్లేటు. మూడోది ఏటవాలుగా ఉండే గట్టి అల్యూమినియం పట్టీ. వస్తువు ఎంతకూ కదలనిదైతే బండే దాని మీదుగా ఎక్కి దాటేలా చేస్తుంది. ఈ మూడూ ముందు వైపే. పొట్ట మొత్తానికి కొత్త పొర వేయలేదు. కాంక్రీటు దిమ్మె, ఆల్టర్నేటర్, ట్రైలర్ హుక్కు రోడ్డు మీద పెట్టి వాటి మీదుగా బండి తోలి పరీక్షించారు. ఫలితం ఆకారం వల్ల వచ్చింది, ఇచ్చిన ఏటవాలు వల్ల వచ్చింది. పావు అంగుళం రేకు అప్పటికే ఉంది, అయినా చిల్లు పడింది. మా వాడు వేయిస్తానంటున్నది కూడా సరిగ్గా పావు అంగుళమే!

పోనీ, కొండదారిలో ఆ వేగం ఉండదు కదా అంటే నిజమే. రాతి మెట్ల మీద మనం నడక కంటే నెమ్మదిగా వెళ్తాం. అక్కడ వచ్చే దెబ్బ తీరు వేరు. పొడిచే ఇనుప కడ్డీ బదులు మూడు టన్నుల బరువు ఒక మొనదేలిన రాయి మీద కూర్చుంటుంది. దానికి రేకు ఉంటే మంచిదేగా? ఉంటే మంచిదే, దాన్ని సరిగా బిగిస్తే.

మందం కంటే ఖాళీ

పొట్ట కింద వేసే ఈ స్కిడ్ ప్లేటు పని దెబ్బను ఆపడం అని చాలామంది అనుకుంటారు. దాని పని దెబ్బను వేరేచోటికి మోసుకెళ్లడం. రాయి మోపిన బలం ప్లేటు గుండా ఫ్రేము దూలాలకు పోవాలి, అక్కడి నుంచి బండి మొత్తానికి పంచుకోవాలి. ఆ క్రమంలో ప్లేటు కొంత వంగుతుంది. ఆ వంగడానికి పైన చోటు కావాలి. చోటు లేకపోతే ప్లేటు వంగి నేరుగా ప్యాక్ అడుగును తంతుంది.

ఒక ముతక లెక్క వేశాను. రాతి మెట్టు దిగుతుంటే చక్రం జారి బండిలో సగం బరువు, అంటే 1,600 కిలోలు, 15 సెంటీమీటర్లు పడిపోయి పొట్ట మీద ఆగిందనుకుందాం. టైర్లు, సస్పెన్షన్ మోసే వాటా వదిలేద్దాం. నిజానికి అవి చాలానే మోస్తాయి. ఆ పడటం 1 సెంటీమీటరులో ఆగిపోతే సగటు బలం సుమారు 25 టన్నులు. 4 సెంటీమీటర్లలో ఆగితే 7, 8 టన్నులు. లోహం అదే, బండి అదే, రాయి అదే. తేడా అంతా ఆ 3 సెంటీమీటర్ల ఖాళీలో ఉంది. ఇది చూశాక నాకు "ఎంత మందం వేయించావ్" అనే ప్రశ్న మీద ఆసక్తి పోయింది. "ప్యాక్‌కూ ప్లేటుకూ మధ్య ఎంత వదిలాడు, బోల్టులు దేనికి బిగించాడు" అని అడగాలి.

మా వాడికి ప్లేటు చేస్తానన్న షాపుకు నేనూ వెళ్లాను. పని బాగానే చేస్తున్నారు. జీపులకు, టొయోటా టకోమాలకు ఏళ్లుగా చేసిన చేతులు, వెల్డింగ్ చూస్తే ముచ్చటేస్తుంది. ఖాళీ ఎంత వదులుతారని అడిగితే అక్కడి కుర్రాడు చూపుడువేలు అడ్డంగా పెట్టి చూపించాడు. ఎక్కువ వదిలితే క్లియరెన్సు పోతుందన్నాడు. అది కూడా నిజమే. 15 అంగుళాలు ఉందని మురిసిపోయే బండికి 2 అంగుళాలు కిందకు ప్లేటు వేలాడదీస్తే, ముందు తగలని రాళ్లు ఇప్పుడు తగలడం మొదలుపెడతాయి. ఈ చిక్కుకు చక్కటి జవాబు నా దగ్గర లేదు. కంపెనీవాళ్లు ప్యాక్ గీసేటప్పుడే ఆ చోటు వదలాలి, తర్వాత మనం పుట్టించలేం.

ఇక లోహాల సంగతి. నడుము భాగం మాత్రమే కప్పినా మీటరున్నర వెడల్పు, 2.2 మీటర్ల పొడవు రేకు కావాలి. పావు అంగుళం అల్యూమినియం అయితే 57 కిలోల దాకా తూగుతుంది. వంగకుండా దాదాపు అంతే బిర్రుగా నిలిచే ఉక్కు కావాలంటే 3/16 అంగుళం, బరువు 120 కిలోలు దాటుతుంది. ఆర్1టి మోయగల బరువు సుమారు 800 కిలోలు, అందులో ఏడో వంతుకు పైగా రేకుకే పోతుంది. అల్యూమినియం బరువు మాత్రం పెద్ద లెక్కలోకి రాదు, అక్కడ మా వాడితో నాకు తగాదా లేదు. కాకపోతే అల్యూమినియం మెత్తన. మోయాబ్ ఇసుకరాయి గరుకుకాగితంలాంటిది గనుక దాని మీద జారకుండా పట్టేసుకుంటుంది. ఉక్కు జారుతుంది, తుప్పు పడుతుంది. యూహెచ్ఎండబ్ల్యూ అనే గట్టి ప్లాస్టిక్ పలకలు అన్నిటికంటే బాగా జారతాయి. రాళ్లెక్కే బగ్గీల వాళ్లు చాలాకాలంగా ప్లేటు కింద అతికించుకుంటున్నారు. అర అంగుళం మందంలో కూడా 40 కిలోలకు మించదు. నా మట్టుకు నేను ఏదైనా వేయించాల్సి వస్తే ముందు ఆ ప్లాస్టిక్ గురించే అడుగుతాను.

ప్లేటు విప్పినప్పుడు

ఇప్పుడు నా అసలు వాదన. ఇంకో పరిచయస్థుడి బండికి ఇలాంటి పూర్తి ప్లేటు ఉంది. ఒక చలికాలం గడిచాక బండి లిఫ్టు మీద ఉండగా విప్పుతుంటే నేనూ వెళ్లి సాయం పట్టాను. బోల్టులు విప్పడమే పెద్ద ప్రహసనమైంది. ఇక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద మెగ్నీషియం క్లోరైడ్ చల్లుతారు. అల్యూమినియం ప్లేటు, ఉక్కు బోల్టు, మధ్య ఉప్పుతడి: మూడూ కలిస్తే తెల్లటి పొడి పూసి బిగుసుకుపోతాయి. రెండు బోల్టుల తలలు అరిగిపోయాయి, చివరికి డ్రిల్లుతో తీశాం.

ప్లేటు దించగానే దాని పై భాగం నిండా ఎర్ర ఇసుక. ఎండి పెంకు కట్టిన బురద, జూనిపర్ రెమ్మలు, ఎవరిదో ఒక రిఫ్లెక్టర్ ముక్క. ఆ బురదలో ఒక మూల కోడిగుడ్డంత రాయి ఉంది. ప్లేటుకూ పైనున్న కంపెనీ షీల్డుకూ మధ్య ఇరుక్కుని, చెప్పులో దూరిన గులకరాయిలా అక్కడే కాపురం పెట్టింది. కింద నుంచి ప్లేటుకు ఎప్పుడో దెబ్బ తగిలింది, ఆ సొట్ట కూడా కనపడుతోంది. ఆ దెబ్బ ఈ రాయిని పైకి నొక్కింది. పైన షీల్డు మీద రూపాయి బిళ్లంత చోట పొరలు తెల్లబారి, పోగులు లేచి ఉన్నాయి. వేలితో తడిమితే గుచ్చుకుంది. అదృష్టవశాత్తూ దాని పైన ఉన్న ప్యాక్‌కు ఏమీ కాలేదు. ఇంత వెడల్పు రేకు వేసింది బలాన్ని పంచడానికి. ఆ రాయి పుణ్యమా అని బలమంతా ఒక్క బిందువు మీద పడింది.

బురద బయటికి పోవడానికి రంధ్రాలు లేవా? ఉన్నాయి. వాటిలోంచే లోపలికి వచ్చింది. కార్‌వాష్‌లో కింద నుంచి కొట్టే నీళ్లు ఆ సందులోకి సరిగా చేరవు. ప్లేటు లేకపోతే ఆ రాయి అక్కడ నిలిచేది కాదు. దెబ్బ తగిలి ఉంటే ఆ సాయంత్రమే టార్చిలైటు వేసి చూస్తే గీత కనపడేది. ఈ బండి యజమాని ఆ గీతను మొదటిసారి చూసింది ఆ రోజే. ఎప్పుడు తగిలిందో, ఏ దారిలో తగిలిందో అతనికి తెలియదు.

ఇది ప్లేటు బిగించిన తీరులో తప్పే గానీ ప్లేటు తప్పు కాదంటారా? కొంత ఒప్పుకుంటాను. మూడు ముక్కలుగా చేసి, ఒక్కొక్కటి నాలుగు బోల్టులతో ఊడేలా పెట్టి, ప్రతి పెద్ద ప్రయాణం తర్వాత దించి కడిగేవాళ్లకు ఈ బాధ లేదు. అలా దించి కడిగేవాళ్లు ఎంతమంది? మేం శని, ఆదివారాల్లో తిరిగొచ్చి సోమవారం స్టాండప్ మీటింగులో కూర్చునే జాతి. బండి కడగడమే వాయిదా వేస్తాం, ఇక పన్నెండు బోల్టులు విప్పుతామా!

హమ్మర్ ఈవీలో జనరల్ మోటార్స్ చేసిన పని నాకు అందుకే నచ్చింది. ఆ బండి అంటే నాకు పెద్ద ఇష్టం లేదు. 9 వేల పౌండ్లు, అందులో బ్యాటరీ ఒక్కటే 2,900 పౌండ్లు. ఒక చిన్న కారు తూగేంత బ్యాటరీని కొండెక్కించడం ఎందుకని ఇప్పటికీ అనిపిస్తుంది. అయితే వాళ్లు పొట్ట కింద ఉక్కు ప్లేట్లతో పాటు కెమెరాలు కూడా పెట్టారు. వాటిని కడగడానికి నీళ్లు చిమ్మే ఏర్పాటు కూడా ఉంది. రాయి ఎక్కడుందో డ్రైవరుకు తెర మీద కనపడుతుంది. కవచం ఎంత వేసినా చూపు పోకూడదని అక్కడ ఎవరో ఇంజినీరు పట్టుబట్టి ఉంటారు.

ఆ డబ్బు ఎక్కడ పెట్టాలి

మా వాడికి షాపువాళ్లు చెప్పిన ధర రెండు వేల డాలర్లు దాటింది. అదే డబ్బుతో నేనైతే ముందు రాక్ స్లైడర్లు వేయిస్తాను. తలుపుల కింద, ఫ్రేముకు బిగించే ఉక్కు గొట్టాలవి. పొడుగు వీల్‌బేస్ బండి రాతి మలుపుల్లో ముందుగా ఆనేది పక్క అంచు మీదే. ప్యాక్ అంచు కూడా అక్కడికి దగ్గరే. స్లైడరు మీద బండి బరువంతా ఆనించి తిప్పుకోవచ్చు. దెబ్బ తగిలితే నిలబడి చూడొచ్చు, వంగక్కర్లేదు. తర్వాత టైర్లు. గాలి తగ్గించడం. దీనికి డబ్బు కూడా అక్కర్లేదు, ఓపిక కావాలి. గాలి తగ్గించిన టైరు రాయిని చుట్టుకుని పట్టుకుంటుంది, చక్రం జారి పొట్ట పడే సందర్భాలే తగ్గుతాయి.

ఎత్తు మోడ్‌ల మీద ఒక మాట. ఎయిర్ సస్పెన్షన్‌ను పూర్తిగా పైకి లేపితే క్లియరెన్సు వస్తుంది. అప్పుడు చక్రం కిందకు సాగడానికి చోటు తగ్గుతుంది. గుంటల్లో చక్రం గాల్లోకి లేస్తుంది, బండి బిగదీసుకుని ఊగుతుంది. ఊగిన బండే దబ్బుమని పడుతుంది. కొత్తగా కొన్నవాళ్లు ట్రెయిల్ మొదట్లోనే మాక్స్ నొక్కేసి కొండంత ధైర్యంతో వెళ్లడం చూస్తుంటాను. రాయి దగ్గర మాత్రమే ఎత్తి, దాటాక దించుకునేవాళ్లు హాయిగా తిరిగొస్తారు.

అన్నిటికంటే మేలైనది బండి దిగి ముందు నిలబడి సైగలు చేసే మనిషి. మా గుంపులో ఆ పని ఎక్కువగా మా వాడి భార్యే చేస్తుంది. మోయాబ్‌లో ఫిన్స్ అండ్ థింగ్స్ అనే దారి మీద ఒక మెట్టు దగ్గర ఆవిడ చేయి ఎత్తి "అన్నయ్యా, ఆపండి. ఎడమ చక్రం ఆ తెల్ల గీత మీద పెట్టండి, కుడిది నేను చూస్తా" అంది. నాకు లోపల్నుంచి కనపడింది బోనెట్టూ, ఆకాశమూ మాత్రమే. తెల్ల గీత అంటే ముందు వెళ్లిన బండ్లు గీకిన గుర్తు. ఆ గీత పక్కన ఎర్రరాయి మీద వెండిరంగు మచ్చలు చాలానే ఉన్నాయి. అవన్నీ అల్యూమినియం వదిలిన మచ్చలు, ఎవరి ప్లేట్లవో. వాళ్ల పక్కన అలా చేయెత్తే మనిషి లేదేమో అనిపించింది.

ఎవరికి కావాలి

నా మాట అందరికీ వర్తించదు. నెలకు రెండుసార్లు మోయాబ్‌లోని హెల్స్ రివెంజ్, పాయిజన్ స్పైడర్ మీసా లాంటి కఠినమైన రాతిదారులకు వెళ్లేవాళ్లకు ప్లేటు కావాలి. వాళ్లకు దెబ్బ తప్పదు, లెక్క పెట్టుకుని తినాల్సిందే. ముందు, వెనక మోటార్ల కింద భాగాలకు గట్టి ప్లేటు వేయించడం ఎవరికైనా మంచిదే. అక్కడ ప్యాక్ లేదు, రాయి మొదట ఆనేదీ అక్కడే, ఏటవాలుగా బిగిస్తే టెస్లా మూడో పట్టీ చేసిన పనే చేస్తుంది. నా అభ్యంతరం నడుము మీద, విప్పడానికి వీల్లేకుండా, వేలెడు సందుతో బిగించే అఖండ రేకు మీదే.

ఇన్సూరెన్సు సంగతి చెప్పి మా వాడు నన్ను కాస్త ఇరుకున పెట్టాడు. "ఒక్క గీత పడినా బండి మొత్తం తీసి పారేస్తారు, అప్పుడేం చేస్తావ్?" అన్నాడు. అదీ కొట్టిపారేసే మాట కాదు. బ్యాటరీకి చిన్న దెబ్బ తగిలినా బాగుచేసే దారి, అంచనా వేసే దారి లేక కొన్ని కంపెనీలు బండ్లను చెత్తకు పంపుతున్నాయని 2023లో రాయిటర్స్ రాసింది. అదే ఏడాది కెనడాలోని వాంకూవర్‌లో ఒక హ్యుందాయ్ అయోనిక్ 5 యజమానికి, అడుగున తగిలిన దెబ్బకు ప్యాక్ మార్చాలంటే 60 వేల కెనడా డాలర్లు దాటుతుందని అంచనా ఇచ్చారు. ఇవి విన్నవాడు పావు అంగుళం కాదు, అర అంగుళం వేయించుకుంటానన్నా ఆశ్చర్యం లేదు. నా జవాబు ఒక్కటే: ప్లేటు ఉన్నా దెబ్బ తగిలిందో లేదో ఇన్సూరెన్సువాడు అడిగితే చెప్పుకోవడానికి ముందు ఫొటోలు ఉండాలి. నేను ప్రతి ప్రయాణానికి ముందూ తర్వాతా, బండి ఎత్తు మోడ్‌లో పెట్టి, పక్కన పడుకుని, ఫోన్ చేయి చాచి వీడియో తీస్తాను. అయిదు నిమిషాల పని. చొక్కా మాసిపోతుంది, అంతే.

ఇలా చూడటం కూడా బయటి చూపే. లోపల ఏముందో బండికే తెలుసు. హై వోల్టేజీ కరెంటు ప్యాక్ నుంచి బాడీలోకి లీకవుతోందా లేదా అని, అంటే రెంటి మధ్య ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో, ఎలక్ట్రిక్ బండి ఎప్పటికప్పుడు కొలుచుకుంటుంది. తడి చేరినా, లోపల కూలెంటు కారినా ఆ కొలత పడిపోవడం మొదలవుతుంది. మరీ పడిపోతేనే మనకు హెచ్చరిక చూపిస్తుంది. అప్పటికి చేతులు కాలినట్టే. టైరు గాలి ఎంతుందో నాలుగు చక్రాలకూ అంకెలతో చూపించే తెర మీదే ఈ అంకె కూడా చూపిస్తే, రాళ్లలో తిరిగొచ్చిన రాత్రి నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చూసుకుని పడుకుంటాం. దాంతో పాటు అడుగు రేకు ఎన్ని మిల్లీమీటర్లు లోపలికి పోతే సర్వీసుకు తీసుకురావాలో డ్రైవరు చేతికిచ్చే పుస్తకంలో స్పష్టంగా అచ్చువేయాలి, స్కేలుతో కొలుచుకునేలా. ఈ రెండూ ఇచ్చిన కంపెనీ బండి వస్తే నా తర్వాతి ట్రక్కు అదే, దాని కింద షీల్డు దేంతో చేశారో కూడా అడగను.